చార్టు మార్చిన కొడుకు

మార్చి 4, మంగళవారం

ఇవాళ్టి నుంచి రాస్తాను. ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తే అందరికీ పనులు గుర్తొస్తాయి. మా ఆవిడకి పాలు పొంగుతాయి, మా వాడికి ఫోను మోగుతుంది. కాగితమైతే ఎక్కడికీ లేచిపోదు.

డైరీ మంచిదేనని షాపువాడు అంటగట్టాడు గాని ఇందులో గీతలు సరిగా అచ్చువెయ్యలేదు. అన్నీ వెలిసిపోయినట్టున్నాయి. అందుకే నల్ల స్కెచ్ పెన్నుతో, రెండు మూడు గీతలకి కలిపి ఒక వరుస రాస్తున్నాను. ఈ కాలంలో ఏ వస్తువూ నాణ్యంగా తయారుకావడం లేదు.

సంగతేమిటంటే, మా వాడు నామీద ఏదో కుట్ర పన్నుతున్నాడు. మా కళ్ళద్దాల షాపుకి రెండు గదులు. ముందు గది వాడిది. ఫ్రేములూ, అద్దాలు అరగదీసే మిషనూ, కొత్తగా కొన్న కంప్యూటరు మిషనూ అన్నీ అక్కడే. వెనక గది నాది. అందులో ఒక కుర్చీ, గోడకి అక్షరాల చార్టు, నేను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరి కంటికి ఎంత పవరో చెప్పింది ఆ వెనక గదే. నా చీటీ పట్టుకుని ముందు గదిలోకి వెళ్తే మా వాడు అద్దాలు చేసి ఇస్తాడు. అంతవరకే వాడి పని.

అలాంటిది, నా గది దాటి వెళ్ళిన మనిషి ఈ మధ్య పావుగంటైనా షాపు దాటడం లేదు. వాడూ వాళ్ళూ గుసగుసలు. నేను గుమ్మంలోకి వస్తే చాలు, ఎండలు ముదిరాయనో కూరలు మండిపోతున్నాయనో మాట మార్చేస్తారు.

కనిపెడతాను. నా కళ్ళు కప్పడం వాడి తరం కాదు.

మార్చి 5

నడవలో స్టూలు పెట్టిన దద్దమ్మ ఎవరు? మోకాలు బూరెలా వాచింది.

మార్చి 7, శుక్రవారం

షాపు తెరుస్తుంటే మా వాడు మెల్లగా కదిపాడు. "నాన్నా, ఒకసారి పెద్దాసుపత్రికి వెళ్ళొద్దామా? ఊరికే. మీ కళ్ళు చూపించుకుని చాలా కాలమైంది కదా."

"నా కళ్ళు ఇంకొకడికి చూపించేదేమిట్రా? ఊరందరి కళ్ళూ నేను చూస్తుంటే!"

"అదే నాన్నా. ఊరందరివీ చూస్తారు, మీవి ఎవరు చూస్తారు?"

ఆ వెటకారం ఎవరి దగ్గర నేర్చాడో! ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, పెళ్ళి మాటెత్తితే లేచిపోతాడు, నాకు మాత్రం బుద్ధులు చెబుతాడు.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. పెద్దాసుపత్రికి నేను వెళ్ళకపోలేదు. ఆరేళ్ళ క్రితం, సరుకు తేవడానికని చెప్పి, ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ డాక్టరమ్మ మా వాడికంటే చిన్నది. కంటిలో ఒత్తిడి పెరిగిందట, నరం ఎండిపోతోందట, పక్కల నుంచి చూపు కొంచెం కొంచెంగా తరిగిపోతుందట. పోయింది మళ్ళీ రాదట. రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుందని చీటీ రాసిచ్చింది. నేను లేవబోతుంటే ఆపి మరీ చెప్పింది. "మీకు పిల్లలున్నారా? వాళ్ళకీ తప్పకుండా పరీక్ష చేయించండి. ఇది రక్తంలో వస్తుంది. ముందే పట్టుకుంటే ఏమీ కాదు."

వాడికి అప్పుడు ఇరవై ఎనిమిది. అద్దం మీద వెంట్రుకంత గీత పడితే ఆమడ దూరం నుంచి పట్టేసేవాడు. వాడికేం వస్తుంది! పైగా వాడికి చెప్పాలంటే నాకుందని చెప్పాలి. చెబితే మర్నాడే ఆ కుర్చీ పక్కనుంచి నన్ను లేపేస్తారు. కళ్ళు కనబడనివాడు కళ్ళు పరీక్ష చేస్తున్నాడని ఊరు ఊరంతా నవ్వుతుంది.

చుక్కలు నెల్లాళ్ళు వేసుకున్నాను. జేబులో సీసా మా ఆవిడ చూస్తే ప్రశ్నలు మొదలవుతాయని మానేశాను. అయినా నాకు బాగానే కనబడుతోంది. ఎడమ కన్ను కాస్త బద్ధకిస్తుంది, అంతే.

వాడికి చెబుదామనే అనుకున్నాను. వీలు చూసుకుని. ఆరేళ్ళు ఇట్టే గడిచిపోయాయి.

మార్చి 9, ఆదివారం

గ్లాసులో మంచినీళ్ళు పోసుకోబోతే మా ఆవిడ గ్లాసు జరిపింది. బల్లంతా నీళ్ళయ్యాయి. "నేను జరపలేదండీ," అంటుంది. జరపనిదే నీళ్ళు బల్లమీద ఎందుకు పడతాయి? అబద్ధం ఆడేటప్పుడు మొహమైనా పక్కకి తిప్పుకోలేదు. చీరకొంగుతో బల్ల తుడిచింది.

మార్చి 11, మంగళవారం

నా కడుపున పుట్టినవాడు నా గొంతు కోశాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పదకొండింటికి హెడ్మాస్టరు వచ్చాడు. రిటైరయి పదేళ్ళయింది, ఇప్పటికీ అందరూ హెడ్మాస్టరనే అంటారు. ఆయన మొదటి కళ్ళద్దాలు నేనిచ్చినవే. కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద లెన్సులు మార్చి చూసే ట్రయల్ ఫ్రేము పెట్టి, ఎప్పటిలాగే చార్టుకి వీపు పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను చార్టు చూడను. అదంతా నోటికొచ్చు. మనిషి మొహం చూస్తే, కళ్ళు చికిలించే తీరు చూస్తే, సగం పవరు అక్కడే తెలిసిపోతుంది.

"మూడో వరుస చదవండి మేస్టారూ," అన్నాను.

"గ, మ, ట, ల."

మూడో వరుస ర, న, ప, వ. చిన్నపిల్లలు కూడా తప్పు చదవని వరుస. "తొందరలేదు. మళ్ళీ చదవండి."

"గ, మ, ట, ల. అంతేనండీ."

పాపం, వయసు మీద పడింది అనుకున్నాను. ఒక లెన్సు వేశాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు కొంచెం మసగ్గా గ, మ, ట, ల."

ఇంకొకటి వేశాను. "ఇప్పుడు?"

"బాగా మసగ్గా... గ, మ..."

ఇంకొకటి. ఆయన ముక్కు మీది ఫ్రేము బరువుకి కిందికి జారింది. "ఇప్పుడు?"

"ఇప్పుడేమీ కనబడ్డం లేదండీ."

"అదీ! ఆ ముక్క ముందే ఒప్పుకుంటే ఇంతసేపు పట్టేదా?" అన్నాను. చీటీ మీద పవరు రాసి, శుక్లాలేమో ఒకసారి ఆపరేషనుకి సిద్ధంగా ఉండండని ధైర్యం కూడా చెప్పాను. ఆయన తల పక్కకి తిప్పి గుమ్మంలోకి చూస్తున్నాడు.

గుమ్మంలో మా వాడు. "నాన్నా, ఒకసారి వెనక్కి తిరగండి."

తిరిగాను. చార్టు ఉన్నచోటే ఉంది.

"మూడో వరుస చదవండి."

"ర, న, ప, వ." చూసే చదివాను. చూసే.

"అది పాత చార్టు నాన్నా. పొద్దున్నే మార్చాను."

దగ్గరికి వెళ్ళాను. గోడకి ముక్కు ఆనేదాకా వెళ్ళాను. గ, మ, ట, ల. తల తీసేసినట్టయింది. వెనక హెడ్మాస్టరు ఫ్రేము తీసి బల్లమీద పెట్టిన చప్పుడు వినబడింది. ఆయన చూపులో ఏ దోషమూ లేదు.

"చెప్పి మార్చచ్చు కదరా?" అన్నాను.

"చెబితే అదీ బట్టీ పట్టేస్తారు."

"పరాయివాళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

"పరాయివాళ్ళ ముందు తియ్యకూడదనే మేస్టార్ని రమ్మన్నాను నాన్నా. నేనే బతిమాలి పిలిచాను."

అంటే ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారు. హెడ్మాస్టరు నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాను. చెయ్యి ఫ్రేముల స్టాండుకి తగిలి అంతా కింద పడింది. అదీ నా తప్పే అంటారు.

మార్చి 12, బుధవారం

ఇంకా ఉంది. నిన్న రాసింది ఏపాటిది!

పొద్దున్న నేను షాపుకి వెళ్ళనని మంచం దిగలేదు. మా వాడు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నిలదీశాను. ఆ గుసగుసలేమిట్రా అని.

"మీరు చూసి పంపినవాళ్ళందర్నీ మళ్ళీ ముందు గదిలో మిషను మీద చూస్తున్నాను నాన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నరవుతోంది."

"నా చీటీలు?"

దుప్పటి కొస సర్దాడు. నేనే అడిగాను. "ఒక్కటైనా వాడావా?"

"మొదట్లో కొన్ని వాడాను నాన్నా. ఆ బట్టలు కుట్టే ఆవిడ సూది గుచ్చుకుని వేలు చూపించింది చూడండి, అప్పటి నుంచి వాడలేదు."

ఏడాదిన్నర! పొద్దున్న తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, మధ్యాహ్నం అన్నం చల్లారిపోయినా లేవకుండా, నడుం పట్టేసినా కూర్చుని నేను చూసిన కళ్ళన్నీ ఉత్తుత్తివే. పిల్లలు వంటాట ఆడుకుంటే పెద్దవాళ్ళు తిన్నట్టు నటించరూ, అలా ఊరంతా నా దగ్గర కూర్చుని చదివినట్టు నటించి, బయటికి వెళ్ళి నిజం కళ్ళద్దాలు కట్టించుకున్నారు. పాలవాడు, పోస్టుమాస్టరు, ఆ కుట్టుపనావిడ, అందరూ. నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు దొంగవెధవలు.

"ఇంతకంటే మెడ పట్టుకుని గెంటేస్తే బావుండేదిరా."

"ఎలా గెంటను నాన్నా?" అన్నాడు. వాడి గొంతు వణికింది. వణికితే నాకేం! ఏడాదిన్నర వణకని గొంతు.

మార్చి 14

మా ఆవిడకీ తెలుసు.

మార్చి 15

మొదటి రోజు నుంచీ తెలుసు.

మార్చి 17, సోమవారం

హెడ్మాస్టరు వచ్చాడు. లేనని చెప్పమన్నాను. నడవలో నేనే ఎదురుపడ్డాను, ఆయన కనబడక. "నన్ను క్షమించండి," అన్నాడు ఆయన. "మీ అబ్బాయి మా ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నాడండీ. ఏడ్చాడు. నాన్న చెయ్యి పట్టుకుని నడిపించే రోజు వస్తే నడిపిస్తానుగాని, నాకు చెప్పకుండా దాచుకుంటున్నారు, అదే తట్టుకోలేకపోతున్నాను, అన్నాడు."

కాఫీ ఇచ్చి పంపించాను. ఎంత ద్రోహం చేసినా ఇంటికొచ్చిన మనిషి కదా.

మార్చి 20, గురువారం

వాడు వెనక గదిని ఏమీ చెయ్యలేదట. తాళం కూడా వెయ్యలేదట. "మీరు వచ్చి కూర్చోండి నాన్నా, చాలు," అంటాడు. కూర్చుని ఏం చెయ్యాలి? వచ్చేవాళ్ళకి విసనకర్రతో విసరాలా?

భోజనాల దగ్గర మా ఆవిడ ఊరుకోకుండా ఎత్తుకుంది. "మామయ్యగారికీ ఇలాగే కదండీ. యాభై దాటాక గోడలు తడుముకుంటూ నడిచేవారు. ఆయన నుంచి మీకొచ్చిందేమో."

"తెలియని విషయాలు మాట్లాడకు."

"మరి మీ నుంచి..." అంది. అని ఆగిపోయింది. ఎదురుగా కొడుకు తల వంచుకుని తింటున్నాడు. కంచంలో చెయ్యి కడిగేశాను.

మార్చి 21

ఆరేళ్ళు.

వాడు నాకు చేసింది ఏడాదిన్నర. కాని అది వేరు, ఇది వేరు. వాడు కావాలని చేశాడు. నేను మర్చిపోయాను.

మర్చిపోలేదు.

మార్చి 23, ఆదివారం

బుర్ర ఉన్నవాడికి దారి దొరక్కపోదు. ఆసుపత్రికి వెళ్తే ఆ డాక్టరమ్మ పాత చీటీ తీస్తుంది, మొత్తం బయటపడుతుంది. నేనే వాడి చూపు పరీక్ష చేస్తే? బాగుంటే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మిషన్లు రాని రోజుల్లో నాకు పని నేర్పిన గురువుగారు పక్కచూపు చూసేందుకు ఒక పద్ధతి చెప్పారు. ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చోవాలి. ఇతను ఎడమ కన్ను మూసుకుంటే అతను కుడి కన్ను మూసుకోవాలి. తెరిచిన కళ్ళు ఒకదాన్నొకటి చూస్తుండాలి. పరీక్ష చేసేవాడు తన చెయ్యి బారచాచి, వేలు ఆడిస్తూ పక్క నుంచి మెల్లగా మధ్యకి తేవాలి. తనకి కనబడినప్పుడే ఎదుటివాడికీ కనబడితే వాడి పక్కచూపు దివ్యంగా ఉన్నట్టు. ఆలస్యంగా కనబడితే దోషం. చార్టుతో పని లేదు, బట్టీతో పని లేదు. నన్నెవడూ మోసం చెయ్యలేడు.

పొద్దున్న టిఫిను అయ్యాక పిలిచాను. పదిరోజుల తర్వాత నేను పిలిచేసరికి వాడి మొహం వెలిగిపోయింది. "పాత పద్ధతి ఒకటుంది, నేర్పుతాను రా. నీ మిషను ఇలాంటివి ఎరగదు," అన్నాను. చిన్నప్పుడు అద్దాలు తుడవడం నేర్పినప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నా కుడి కన్ను, వాడి ఎడమ కన్ను. ఎన్నాళ్ళయిందో వాడి మొహం అంత దగ్గరగా చూసి. కంటి కింద నల్లగా ఉంది. చెయ్యి చాచాను. వేలు ఆడిస్తూ తెచ్చాను. తెచ్చాను. తెచ్చాను. నాకు వేలి కొస మెరిసింది, ఆ క్షణాన్నే, "ఆఁ, కనబడింది," అన్నాడు.

పైనుంచి తెచ్చాను. నాకు కనబడగానే, "ఆఁ." కిందనుంచి. "ఆఁ." గురువుగారు బతికుంటే చూపించాల్సిన పరీక్ష! వెంట్రుకవాసి తేడా లేదు. వాడి చూపు అచ్చంగా నా చూపే. రెండో కన్ను చూడక్కర్లేదని లేచి వీపు మీద ఒక్కటి చరిచాను. "ఏమిటి నాన్నా?" అన్నాడు నవ్వుతూ. "ఏం లేదురా గాడిదా, బాగుంది," అన్నాను.

గుండెల మీద నుంచి కుంపటి దిగింది. ఇంక చెప్పక్కర్లేదు.

మార్చి 24

ఆకలి దంచేసింది. రెండుసార్లు మారు వడ్డించుకున్నాను. వాణ్ణి క్షమించే విషయం కూడా ఆలోచిస్తున్నాను. పూర్తిగా కాదు.

మార్చి 25, మంగళవారం

మధ్యాహ్నం తోచక, కాస్త హుషారుగా ఉండి, మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. "నాకెందుకండీ ఇవన్నీ, పప్పు మాడిపోతుంది," అంటూనే కూర్చుంది.

చెయ్యి బారచాచాను. ఇంకా వేలు ఆడించనైనా లేదు.

"కనబడింది," అంది.

"ఏం కనబడింది? నేనింకా మొదలుపెట్టలేదు."

"మీ వేలు."

"అబద్ధం చెప్పకు. నా కన్నులోకి చూడు. వేలు కేసి చూడకూడదు."

"మీ కంట్లోకే చూస్తున్నానండీ. చెయ్యి నా చెవి పక్కగా ఉంది కదా, కనబడదూ?"

మళ్ళీ పెట్టాను. ఇంకా వెనక్కి. "కనబడింది." పైనుంచి. "కనబడింది." కింద, ఆవిడ మోకాలి పక్కనుంచి. "కనబడింది. మట్టెల దగ్గర చీమ కూడా కనబడుతోంది, లేవనా?" నాకేమో ఆవిడ మొహం తప్ప ఏమీ లేదు. మొహం చుట్టూ ఏమీ లేదు. మోసం చేస్తున్నావని కేకలేశాను. జీవితంలో ఒక్కసారైనా నిజం చెప్పు అని అరిచాను. ఆవిడ పప్పు దించడానికి లేచి వెళ్ళింది.

నేను చెయ్యి చాచి అలాగే కూర్చుండిపోయాను.

ఆవిడ మోసం చెయ్యలేదు. ఆవిడ కళ్ళు మామూలు కళ్ళు. మామూలు కంటికి చెయ్యి చాచగానే కనబడాలి. నాకు కనబడదు. నాకు చాలాసేపటికి గాని కనబడదు, ఎందుకంటే నా పక్కచూపు పోయింది.

వాడికీ నాకు కనబడినప్పుడే కనబడింది.

ఈ పద్ధతి పరీక్ష చేసేవాడి చూపు బాగున్నప్పుడే పనికొస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం. వీపు మీద చరిచాను వాణ్ణి. బాగుందని చరిచాను.

మార్చి 26

రాయలేను.

మార్చి 28, శుక్రవారం

రెండుసార్లు వాడి గది గుమ్మం దాకా వెళ్ళాను. ఒకసారి గోళ్ళు తీసుకుంటున్నాడు. ఒకసారి పడుకున్నాడు. లేపి చెప్పే విషయమా ఇది?

ఎప్పుడైనా ఇంతే. వీలు చూసుకుని చెబుదామనే అనుకుంటాను.

మార్చి 30, ఆదివారం

చెప్పేశాను.

వంటింట్లో వాడు కాఫీ తాగుతున్నాడు. వాళ్ళమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఎదురుగా కూర్చుని, ముందు మాటలేమీ లేకుండా, అంతా చెప్పాను. పెద్దాసుపత్రి, డాక్టరమ్మ, చుక్కలు. పిల్లలకి చూపించమని ఆవిడ అన్న మాట అన్నట్టుగా చెప్పాను. పోయిన ఆదివారం నా వేలు వాడికి ఎంత ఆలస్యంగా కనబడిందో, వాళ్ళమ్మకి ఎంత ముందు కనబడిందో చెప్పాను. కుర్చీ పోతుందని చెప్పలేదురా, అన్నాను. ఆ ఒక్క వాక్యం నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డానో, బయటికి వచ్చాక అంత చిన్నగా వినబడింది.

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. నేను వాణ్ణి ఇరవై రోజులుగా తిట్టినవన్నీ ఈ డైరీలో ఉన్నాయి, ఒక్కొక్కటే తీసి నా మొహాన కొట్టచ్చు. కాఫీ గ్లాసు బల్లమీద పెట్టాడు. చాలా జాగ్రత్తగా పెట్టాడు, అంచు ఎక్కడుందో వేలితో చూసుకుని.

"ఆరేళ్ళా?" అన్నాడు.

"ఆరేళ్ళు."

"అప్పుడే చూపించుకుని ఉంటే?"

"ముందే పట్టుకుంటే ఏమీ కాదంది."

పెరట్లోంచి వాళ్ళమ్మ ఏదో కేకేసింది, తీగ గట్టిగా కట్టమనో ఏమో. వాడు షాపులో మనిషిని అడిగినట్టే, నిదానంగా అడిగాడు.

"మీకు ఏ కన్ను ముందు మొదలైంది నాన్నా?"

"ఎడమది."

అరచెయ్యి ఎత్తి కుడి కన్ను మూసుకున్నాడు. తల కదపకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నా మొహం చుట్టూ వాడికి ఇంకేమైనా కనబడుతోందో లేదో నాకు తెలియలేదు.